మార్కులా, పర్సంటైలా, ర్యాంకా, లాస్ట్ ర్యాంకా: సీటు వెతికేటప్పుడు ఏ అంకెను నమ్మాలి?

ఫలితాలు వచ్చాక ఇంజినీరింగ్‌కు వెళ్లే పిల్లల చేతిలో ఒకటి కాదు, ఐదారు అంకెలు పడతాయి. జేఈఈ మెయిన్ మార్కులు, పర్సంటైల్, ఆలిండియా ర్యాంకు, కేటగిరీ ర్యాంకు, ఎంసెట్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు. వీటికి తోడు, ఎవరో వాట్సాప్‌లో పంపిన నిరుటి లాస్ట్ ర్యాంకుల పట్టిక. రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష పేరు ఎప్పుడో ఈఏపీసెట్‌గా మారింది గానీ ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తాను.

మావాడికి 97 వచ్చిందని ఒకరంటారు, మా అమ్మాయికి 140 అని ఇంకొకరు. ఒకటి పర్సంటైల్, ఇంకొకటి మార్కులు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. అయినా కౌన్సెలింగ్‌లో కాలేజీల వరస ఎంచుకునే, అంటే వెబ్ ఆప్షన్లు పెట్టే వారంలో జరిగే గందరగోళమంతా ఇలాంటి పోలికలతోనే. ఏ అంకె ఏ పనికి వస్తుందో, ఏది ఎక్కడ దారి తప్పిస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

## ఏ అంకెనైనా ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఇది ఎవరితో పోల్చి తీసింది? దేశమంతా రాసినవాళ్లతోనా, ఒక్క షిఫ్టులో, అంటే ఒకే పూట రాసినవాళ్లతోనా, ఒక్క కేటగిరీవాళ్లతోనా, అసలు ఎవరితోనూ పోల్చలేదా?

ఏడాది మారితే దీని అర్థం నిలుస్తుందా? నిరుటి అంకెతో ఈ ఏటి అంకెను పోల్చేముందు ఇది తేలాలి.

సీటు కేటాయించే కంప్యూటర్ దీన్ని చూస్తుందా? చూడని అంకె గురించి నిద్ర మానుకోవడం దండగ.

దీని వెనక ఎంతమంది ఉన్నారు? లక్షమందిని చూసి తీసిన అంకె, ఒక్కరిని చూసి తీసిన అంకె పట్టికలో ఒకేలా కనిపిస్తాయి. ఈ ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు, కానీ ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

| అంకె | ఎవరితో పోలిక | ఏడాది మారితే | సీటు దీన్నిబట్టేనా |
|---|---|---|---|
| మార్కులు | ఎవరితోనూ కాదు | అర్థం మారిపోతుంది | బిట్‌శాట్‌లో (బిట్స్ పిలానీ ప్రవేశ పరీక్ష) అవును. జేఈఈ మెయిన్, ఎంసెట్‌లలో నేరుగా కాదు |
| పర్సంటైల్ | అదే షిఫ్టులో రాసినవాళ్లతో | ర్యాంకు విలువ మారుతుంది | కాదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ (ఐఐటీల పరీక్ష) అర్హతకు మాత్రం అవును |
| ఆలిండియా ర్యాంకు, ఎంసెట్ ర్యాంకు | రాసిన అందరితో | సీట్లు పెరిగినంత మేర మారుతుంది | అవును |
| కేటగిరీ ర్యాంకు | అదే కేటగిరీవాళ్లతో | అంతే | జోసాలో (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్) అవును |
| నిరుటి లాస్ట్ ర్యాంకు | చివరి సీటు పొందిన ఒక్కరిది | గడిని బట్టి కొద్దిగానో, విపరీతంగానో | కాదు, అది నిరుటి ఫలితం |

## మార్కులు: ఇంట్లో చెప్పుకోవడానికే

అందరికీ తేలిగ్గా అర్థమయ్యే అంకె ఇదే. ఏటికేడాదికి ఎక్కువగా మోసం చేసేదీ ఇదే. పక్కింటి పరీక్షను చూడండి. నీట్‌లో 2023లో 720కి 720 ఇద్దరికి వచ్చాయి. 2024లో సవరించిన ఫలితాల్లో 17 మందికి వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థి మార్కులు 686. రెండేళ్ల కిందటి మార్కులు చూపించి ఎవరైనా మీ పిల్లలకు ఇంత ర్యాంకు వస్తుందని చెబితే, ప్రశ్నపత్రం ఎంత కష్టంగా ఉందో ఆ లెక్కలో ఎక్కడుందని అడగండి.

కొన్నిసార్లు పరీక్ష కొలతే మారిపోతుంది. బిట్స్‌వాళ్ల బిట్‌శాట్ ఒకప్పుడు 450 మార్కులకు ఉండేది, 2022 నుంచి 130 ప్రశ్నలు, 390 మార్కులు. హైదరాబాద్ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ కటాఫ్ పడిపోయిందని పాత పట్టికను, కొత్త పట్టికను పక్కన పెట్టి సంబరపడేవాళ్లు ఈ సంగతి గమనించరు. అయితే బిట్‌శాట్‌లో సీటు మార్కులను బట్టే ఇస్తారు, అందువల్ల అక్కడ మార్కులే చూడాలి. 2022 తర్వాతి సంవత్సరాలవి మాత్రమే చూస్తే చాలు.

ఆంధ్రప్రదేశ్ ఎంసెట్‌లో ఇంకో మెలిక ఉంది. 2023 నుంచి అక్కడ మళ్లీ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. తెలంగాణలో ఆ వెయిటేజీ ఎత్తేశారు. దీనివల్ల ఏపీలో ఎంసెట్‌లో తక్కువ వచ్చినవాళ్లు ర్యాంకులో ముందుకెళ్లడం కుదురుతుంది. నార్మలైజేషన్ (షిఫ్టుల మధ్య కష్టం తేడాను సరిచేసే లెక్క) సంగతి పక్కన పెట్టి లెక్క చూడండి. ఒకరికి ఎంసెట్‌లో 160కి 120, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 95 శాతం. 120కి 56.25, ఇంటర్‌కు 23.75, మొత్తం 80. ఇంకొకరికి ఎంసెట్‌లో 130, ఇంటర్‌లో 75 శాతం. 60.94కు 18.75 కలిపితే 79.69. పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాళ్లు వెనకబడ్డారు. ఎన్ని మార్కులకు ఎంత ర్యాంకు అని చెప్పే పట్టిక తెలంగాణదైతే ఏపీ పిల్లలకు పనికిరాదు. ఏపీదైనా అందులో ఇంటర్ మార్కుల గడి లేకపోతే అంతే.

ఇక క్వాలిఫై అయ్యాడనే మాట. ఎంసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, తప్పుకు కోత లేదు. కళ్లు మూసుకుని అన్నీ గుర్తు పెట్టినా సగటున 40 మార్కులు వస్తాయి. జనరల్, బీసీ విద్యార్థులకు అర్హత మార్కు కూడా 25 శాతమే, అంటే అదే 40. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు షరతే లేదు. 2025లో తెలంగాణలో ఇంజినీరింగ్ పరీక్ష 2,07,190 మంది రాస్తే 1,51,779 మంది అర్హులయ్యారు. కాబట్టి అర్హత అన్న మాటను అభినందనలకు వాడుకోవచ్చు గానీ కాలేజీ ఎంపికకు కాదు.

## పర్సంటైల్: జనవరి నుంచి ఏప్రిల్ దాకా పనికొచ్చే అంకె

పర్సంటైల్ అంటే శాతం కాదని అందరికీ తెలుసు, అయినా నోటికి శాతమనే వస్తుంది. 95 పర్సంటైల్ అంటే మీ షిఫ్టులో రాసిన ప్రతి వందమందిలో 95 మంది మీతో సమానంగానో, తక్కువగానో మార్కులు తెచ్చుకున్నారని అర్థం. జేఈఈ మెయిన్‌లో 300కి సగం మార్కులు దాటనివాళ్లకు కూడా 95 రావడం మామూలే. షిఫ్టుకో ప్రశ్నపత్రం ఉన్నప్పుడు ఒకటి కష్టంగా, ఒకటి తేలిగ్గా వస్తుంది కాబట్టి ఎవరి షిఫ్టువాళ్లతో వాళ్లను పోల్చడం న్యాయం.

ఎవరి షిఫ్టులో వాళ్లకే పోలిక కాబట్టి ప్రతి షిఫ్టులోనూ మొదట నిలిచినవాళ్లకు 100 వస్తుంది. 2024లో దేశంలో 56 మందికి, 2025లో 24 మందికి 100 పర్సంటైల్ వచ్చింది. వంద వచ్చినవాళ్లందరూ ఒకే ర్యాంకు కాదు.

పర్సంటైల్‌తో అసలు తంటా ఏడాది మారినప్పుడు వస్తుంది. ఈ పట్టిక చూడండి. అడ్వాన్స్‌డ్‌కు అర్హత దొరికిన జనరల్ కటాఫ్, ఆ కటాఫ్‌ను నేను ర్యాంకుగా మార్చిన అంచనా, 98 పర్సంటైల్‌కు వచ్చే ర్యాంకు అంచనా ఇందులో ఉన్నాయి.

| సంవత్సరం | పరీక్ష రాసినవారు | జనరల్ కటాఫ్ | కటాఫ్ దగ్గర ర్యాంకు (సుమారు) | 98 పర్సంటైల్ ర్యాంకు (సుమారు) |
|---|---|---|---|---|
| 2022 | 9,05,590 | 88.41 | 1,04,900 | 18,100 |
| 2023 | 11,13,325 | 90.78 | 1,02,700 | 22,300 |
| 2024 | 14,15,110 | 93.24 | 95,700 | 28,300 |
| 2025 | 14,75,103 | 93.10 | 1,01,700 | 29,500 |

కటాఫ్ 88 నుంచి 93కు ఎగబాకితే పోటీ భయంకరంగా పెరిగిందని, పిల్లలు ఇంకా కష్టపడాలని గోల మొదలైంది. నాలుగో గడి చూస్తే అక్కడ కదలిక లేదు, ఏటా లక్ష చుట్టూనే తిరుగుతోంది. ఈ నాలుగేళ్లూ అడ్వాన్స్‌డ్‌కు పంపింది పై 2,50,000 మందినే. అందులో రిజర్వేషన్ లేని వాటా 40.5 శాతం, లక్ష పైచిలుకు. రాసేవాళ్లు పెరిగితే ఆ లక్ష మొత్తంలో చిన్న ముక్క అవుతుంది, పర్సంటైల్ పైకి జరుగుతుంది. అంతకు మించి ఇందులో రహస్యం లేదు.

చివరి గడి మాత్రం నిజంగా పట్టించుకోవాలి. 2022లో 98 తెచ్చుకున్న అన్నయ్యకు వచ్చిన ఎన్‌ఐటీ బ్రాంచి 2025లో 98 వచ్చిన తమ్ముడికి రాకపోవడంలో తమ్ముడి తప్పేమీ లేదు. పర్సంటైల్ అదే, ర్యాంకు పదకొండు వేలు వెనక్కి పోయింది.

లెక్క కట్టడం తేలిక. వందలోంచి మీ పర్సంటైల్ తీసేయండి, మిగిలినదాన్ని రాసినవాళ్ల సంఖ్యతో గుణించి వందతో భాగించండి. జనవరి ఫలితం చేతికొచ్చి, అసలు ర్యాంకు ఏప్రిల్ పరీక్ష తర్వాతే తెలిసే ఆ మధ్యకాలంలో ఈ అంచనాతో పని గడుస్తుంది. ర్యాంకు వచ్చిన మరుక్షణం పర్సంటైల్‌ను మరిచిపోవచ్చు. జోసా సీటు ఇచ్చేటప్పుడు చూసేది ర్యాంకునే.

## ర్యాంకు: మీ చేతిలో రెండుంటే ఏది ఎక్కడ వాడాలి

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, కానీ ఖరీదైనది. జోసా వాళ్ల పట్టికలో ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ గడుల్లో ఉండేవి కేటగిరీ ర్యాంకులు. ఎంసెట్ లాస్ట్ ర్యాంకుల పట్టికలో బీసీ-ఏ, బీసీ-డి, ఎస్సీ, ఎస్టీ గడుల్లో ఉండేవి మాత్రం అందరికీ ఉమ్మడి అయిన రాష్ట్ర ర్యాంకులే. ఎంసెట్ సీట్ల కేటాయింపులో వేరే కేటగిరీ ర్యాంకు ఉండదు.

ఒక ఓబీసీ విద్యార్థికి ఆలిండియా ర్యాంకు 30,000, ఓబీసీ ర్యాంకు 9,000 అనుకుందాం. జోసా ఓబీసీ గడిలో 10,000 అని కనిపిస్తే ఆ సీటు అందుబాటులో ఉన్నట్టే. ఆలిండియా ర్యాంకుతో పోల్చి ఆశ వదిలేసుకుంటే ఆప్షనే పెట్టరు. ఎంసెట్ పట్టికలో వెతికేటప్పుడు ఇలాంటి మార్పిడి ఏదీ చేయకూడదు, ర్యాంకు కార్డు మీద ఉన్న అంకెనే తీసుకోవాలి.

దీనికి తోడు కేంద్రం ఓబీసీ జాబితా, రాష్ట్రం బీసీ జాబితా ఒకటి కావు. క్రీమీలేయర్ షరతు ఉంటుంది, అంటే బాగా ఉన్న కుటుంబాలకు ఓబీసీ కోటా వర్తించదు. ధ్రువపత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పత్రం చెల్లకపోతే కేటగిరీ ర్యాంకు ఎంత బాగున్నా పనికిరాదు, మళ్లీ ఆలిండియా ర్యాంకే గతి. మే నెలలో తహసీల్దారు ఆఫీసు ముందు క్యూ ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

ఎన్‌ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్‌కు, సగం బయటివాళ్లకు. ఆ రెంటి ముగింపు ర్యాంకులకు చాలా తేడా ఉంటుంది. హోమ్ స్టేట్ అంటే పుట్టిన ఊరు కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అది. ఖమ్మం అబ్బాయి విజయవాడ హాస్టల్లో ఉండి ఏపీ బోర్డు ఇంటర్ చదివితే అతడి హోమ్ స్టేట్ ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలోనిది, వరంగల్‌ది కాదు. ఎంసెట్ లోకల్ లెక్క ఇంకో రకం, అది వరసగా చదివిన ఏళ్లను బట్టి నడుస్తుంది. ఒకే పిల్లాడు ఒకచోట లోకల్, ఒకచోట బయటివాడు కావచ్చు. పట్టిక తెరిచే ముందు ఏ వరసను చదవాలో ఇక్కడే తేల్చుకోవాలి.

తెలంగాణలో ర్యాంకుకు డబ్బు లెక్క కూడా ముడిపడి ఉంది. ఆదాయ పరిమితిలో ఉన్న బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకైతే మొత్తం ఫీజు, దాటితే 35,000 వరకే రీయింబర్స్‌మెంట్ అన్న పద్ధతి చాలా ఏళ్లుగా నడుస్తోంది. 9,900కు, 10,100కు చదువులో తేడా లేదు, నాలుగేళ్ల ఫీజులో లక్షలు తేడా పడొచ్చు. ఆ గీత దాటినవాళ్లు లాస్ట్ ర్యాంకుతో పాటు ట్యూషన్ ఫీజు గడి కూడా చదవాలి.

## నిరుటి లాస్ట్ ర్యాంకు: అన్నిటికంటే ఉపయోగం, అన్నిటికంటే ప్రమాదం

కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో పెట్టే ఈ పట్టికే ఆప్షన్ల వారంలో ఇంటింటా తెరుచుకునేది. ఒక కాలేజీ, ఒక బ్రాంచి, ఒక కేటగిరీ, అబ్బాయిలు లేదా అమ్మాయిలు. ఆ గడిలో నిరుడు చివరగా సీటు పొందినవాళ్ల ర్యాంకు ఉంటుంది. దీన్నే కాలేజీ కటాఫ్ అనుకుంటారు. నిజానికి ఎవరూ ముందుగా నిర్ణయించిన గీత కాదది. వందలమంది ఆప్షన్లు కలిసి మిగిల్చిన గుర్తు.

ఈ గడి వెనక ఎంతమంది ఉన్నారో లెక్కవేద్దాం. ఒక ప్రైవేటు కాలేజీలో ఒక బ్రాంచికి 60 సీట్లు. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటా 70 శాతం, అంటే 42. బీసీ-డి వాటా 7 శాతం, దాదాపు మూడు సీట్లు. అందులో మూడోవంతు అమ్మాయిలకు, అంటే ఒక్కటి. బీసీ-డి గర్ల్స్ గడిలో కనిపించే లాస్ట్ ర్యాంకు ఒకే ఒక్క అమ్మాయి ర్యాంకు. ఆ అమ్మాయికి ఇంటికి దగ్గరని ఆ కాలేజీ పెట్టుకుని ఉండొచ్చు, స్నేహితురాలు చేరుతోందని పెట్టుకుని ఉండొచ్చు. ఈ ఏడు అక్కడ 12,000 ఉన్న అంకె వచ్చే ఏడు 31,000 అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. బీసీ-సి వాటా ఒక శాతమే కాబట్టి 42 సీట్లలో ఒక్కటి కూడా పూర్తిగా రాదు. ఆ గడి ఖాళీగా కనిపిస్తే నిరుడు అక్కడ ఎవరికీ కేటాయించలేదని మాత్రమే అర్థం, మీకు రాదని కాదు.

అదే 60 సీట్ల బ్రాంచిలో ఓసీ గడి వెనక చాలామంది ఉంటారు, అది ఏటా కొంచెమే జరుగుతుంది. అందుకని నా సలహా: చిన్న గడిని ఒంటరిగా చదవొద్దు. అదే కాలేజీ ఓసీ గడిని, దానితో సమానమని పేరున్న మరో రెండు కాలేజీల్లో మీ కేటగిరీ గడిని, మూడేళ్లవి కలిపి చూడండి. మూడేళ్లలో రెండేళ్లు మీ ర్యాంకు లోపలికి వస్తే ఆశ ఉన్నట్టు. ఒక్క ఏడాదే వస్తే ఆప్షన్ పెట్టండి, దాన్ని నమ్ముకుని ఉండొద్దు. బీసీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఓసీ గడి కూడా తప్పక చూడాలి. ర్యాంకు అందితే ఓపెన్ సీటే వస్తుంది. అమ్మాయిలకూ అంతే. మూడోవంతు వాళ్లకు కేటాయించారంటే మిగతా రెండొంతులు వాళ్లకు మూసేశారని కాదు.

మూడేళ్లు చూడమన్నాను గానీ, కంప్యూటర్ సైన్స్ విషయంలో పాత ఏళ్లను కొంత తగ్గించి చదవాలి. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే అన్న పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తీసేసింది. పెద్ద కాలేజీలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), సీఎస్‌ఎం (అందులో ఏఐ-ఎంఎల్), సీఎస్‌డీ (అందులో డేటా సైన్స్) సెక్షన్లు పెంచుకున్నాయి. ఒక కాలేజీలో 180 సీట్లు 360 అయితే లాస్ట్ ర్యాంకు దానంతటదే వెనక్కి జరుగుతుంది. కాలేజీ పడిపోయిందని అనుకోవద్దు, పాత అంకె చూసి భయపడనూ వద్దు. పట్టికతో పాటు ఈ ఏటి సీట్ల సంఖ్యను పక్కన పెట్టుకోండి. తెలంగాణలో 2025 నుంచి లోకల్ కోటా బయట ఉండే 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్ల నిబంధన మారింది, ఎస్సీ ఉపవర్గీకరణ కూడా వచ్చింది. ఆ గడుల్లో అంతకు ముందరి అంకెలు దారి చూపవు.

ఇంకొకటి, విడత. మొదటి విడత లాస్ట్ ర్యాంకును చివరి విడతదానితో పోల్చకూడదు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో సీటొచ్చినవాళ్లు వదిలేసిన ఎంసెట్ సీట్లు తర్వాతి విడతల్లో కిందికి దిగుతాయి. జోసాలోనూ ఇదే కథ, పైగా అక్కడ రౌండ్ల సంఖ్యే మారుతుంటుంది. 2023లో ఆరు, 2024లో ఐదు, 2025లో మళ్లీ ఆరు. ఐదో రౌండుతో ఐదో రౌండును పోలిస్తే ఒక ఏడాది చివరిది, ఇంకో ఏడాది చివరిది కానిది పక్కపక్కన చేరతాయి. చివరి రౌండుతో చివరి రౌండునే పోల్చండి.

ఓపెనింగ్ ర్యాంకు అని ఇంకో గడి ఉంటుంది. ఆ బ్రాంచిలో సీటు పొందినవాళ్లందరిలో మెరుగైన ర్యాంకు అది. దాన్ని చదవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

## ఎవరికి ఏది

జనవరి మెయిన్ వచ్చింది, ఏప్రిల్ రాయాలా వద్దా అని తేలనివాళ్లకు. పర్సంటైల్‌ను పై లెక్కతో ర్యాంకుగా మార్చండి, మీకు కావలసిన బ్రాంచి నిరుటి చివరి రౌండు ర్యాంకు పక్కన పెట్టండి. దగ్గర్లో ఉంటే రాయండి. రెంటిలో మెరుగైన స్కోరే తీసుకుంటారు కాబట్టి మార్కుల పరంగా నష్టం లేదు, పోయేది సమయమే. కానీ ఏపీ పిల్లలు ఒకసారి ఆగి ఆలోచించాలి. ఇంటర్ మార్కులకు పాతిక శాతం ఉన్నచోట మార్చిలో బోర్డు పరీక్షలను వదిలేసి మెయిన్‌కే కూర్చుంటే ఎంసెట్ ర్యాంకు దెబ్బతింటుంది. మెయిన్ అంచనా లక్ష దాటి ఉంటే నా ఓటు ఇంటర్‌కే.

ఎన్‌ఐటీలో సివిల్, మెటలర్జీ లాంటిది ఒకవైపు, హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ ఒకవైపు వచ్చేలా ఉన్నవాళ్లకు. ఈ రెండు ముగింపు ర్యాంకులను పోల్చి ఏది గొప్పో తేల్చాలని చూస్తారు. ఒకటి 14 లక్షలకు పైబడి రాసిన పరీక్షది, ఇంకొకటి రెండు లక్షలమంది రాసినది. పోలికే లేదు. పైగా లాస్ట్ ర్యాంకు ఆ కాలేజీకి ఎంత గిరాకీ ఉందో చెబుతుంది, చదువు ఎలా చెబుతారో కాదు. ఇక్కడ చూడాల్సింది కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ అయిన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కాలేజీలు ఇచ్చిన వివరాల్లో ఎంతమంది చదువు పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం ఎంత అన్నవి. మీడియన్ అంటే వరసలో నడిమధ్య ఉన్నవాళ్ల జీతం. కరపత్రంలో వేసే సగటు ప్యాకేజీని ఇద్దరు ముగ్గురికి వచ్చిన కోటి రూపాయలే పైకి లాగేస్తాయి. సివిల్ అంటే మనసులేని పిల్లలను ఎన్‌ఐటీ పేరు కోసం పంపడం నాకు నచ్చదు. మనసుంటే హాస్టల్, ఫీజు, పేరు మూడూ ఎన్‌ఐటీ వైపే ఉంటాయి.

ఎంసెట్‌లో పది వేల నుంచి నలభై వేల మధ్య ఉన్నవాళ్లకు. లాస్ట్ ర్యాంకు పట్టికతో ఎక్కువ పని మీకే. 20,000 ర్యాంకు ఉంటే నిరుడు 12,000 దగ్గర ముగిసిన కాలేజీల నుంచి 40,000 దగ్గర ముగిసినవాటి దాకా జాబితా వేసుకోండి. వేసుకున్నాక ఆ అంకెలను చెరిపేసి, మీకు నచ్చిన వరసలో పెట్టండి. చాలామంది లాస్ట్ ర్యాంకు వరసలోనే ఆప్షన్లు పెడతారు. దూరపు కాలేజీ వద్దనుకుంటూనే దాని ర్యాంకు బాగుందని పైన పెడతారు, అదే వస్తుంది. రాదేమో అనుకున్న కాలేజీని మొదట పెట్టడం వల్ల కింది ఆప్షన్లకు నష్టమేమీ లేదు. కంప్యూటర్ మీ వంతు వచ్చినప్పుడు జాబితాలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, మొదట ఖాళీగా దొరికినది ఇస్తుంది.

కోచింగ్ ఎంచుకునే పదో తరగతి తల్లిదండ్రులకు. హోర్డింగ్ మీద వందలోపు ర్యాంకులు డజన్లకొద్దీ ఉంటే, అవి ఓపెన్ ర్యాంకులా, కేటగిరీ ర్యాంకులా అని అడగండి. అన్ని కేటగిరీల్లో మొదటి వందా కలిపితే వందలు దాటుతుంది. ఆ పిల్లలు రెండేళ్లు అక్కడే చదివారా, టెస్టు సిరీస్ మాత్రమే రాశారా అన్నది రెండో ప్రశ్న. కోచింగ్ సెంటర్ల ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు వచ్చినవాళ్లు ఏ కోర్సులో, ఎంతకాలం చదివారో చెప్పాలన్నది అందులో ఉంది. నేనైతే మూడో ప్రశ్న కూడా అడుగుతాను: మొత్తం ఎంతమంది చేరితే ఇన్ని ర్యాంకులు? దానికి జవాబు వచ్చిన చోట మాట్లాడండి.

మేనేజ్‌మెంట్ కోటా వైపు చూస్తున్నవాళ్లకు. కన్వీనర్ కోటాలో సీటు రాదని మొదటి విడత పట్టిక చూపించి జూన్‌లోనే అడ్వాన్సు కట్టించుకునేవాళ్లు ఉంటారు. నిరుటి చివరి విడత పట్టికలో అదే గడిని చూశాకే డబ్బు తీయండి. తేడా వేలల్లో ఉండొచ్చు. మొదటి విడతలో ఓ మోస్తరు సీటు వచ్చి రెండో విడతకు వెళ్లేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ఎంసెట్‌లో రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. అందుకని రెండో విడతలో చేతిలో ఉన్నదానికంటే మెరుగైనవే పెట్టాలి. లాస్ట్ ర్యాంకు చూసి సులువుగా వస్తాయనిపించిన కాలేజీలను పదిలంగా ఉంటాయని కింద చేర్చుకోవద్దు.